ఎవరో... ఏదో... చేశారట!

*జ్వరం వస్తే చిల్లంగి. టీకా వేస్తే కుట్ర. కొత్త నోటొస్తే అందులో చిప్పు. మన్యం కొండల నుంచి మహానగరాల దాకా మనిషి మనసు ఎందుకిలా ఆలోచిస్తుంది? కళ్లెదుట ఉన్న కారణాన్ని వదిలేసి కనిపించని శత్రువు కోసం ఎందుకు వెతుకుతుంది?*

అరకు లోయ అనగానే మనకు గుర్తొచ్చేవి బొర్రా గుహలు, సొరంగాల్లోంచి దూసుకెళ్లే రైలు, కొండవాలు నిండా వలిసె పూల పసుపు, కాఫీ తోటలు, థింసా అడుగులు. రెండ్రోజులు తిరిగి, నాలుగు ఫొటోలు తీసుకుని, కాఫీ పొడి పొట్లం పట్టుకుని వచ్చేస్తాం. పర్యటకుల చెవిన పడని మాట ఒకటి ఆ కొండల్లో ఉంది. ఆ మాట వింటే పెద్దవాళ్లు కూడా గొంతు తగ్గిస్తారు.

చిల్లంగి!

ఊళ్లో ఓ పిల్లాడికి జ్వరం వస్తుంది. రెండోరోజు ఫిట్స్. మూడోరోజు ప్రాణం పోతుంది. వారం తిరక్కుండా పక్కింట్లో మరొకరు మంచాన పడతారు. ఆ వెనకే ఓ ఆవు చచ్చిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు అంటారు... 'ఇది ఊరికే వచ్చింది కాదు. ఎవరో చేశారు' అని. ఆ 'ఎవరో'కి నాలుగు రోజుల్లో ఓ పేరు దొరుకుతుంది. ఆ పేరు చాలాసార్లు ఓ వృద్ధుడిదో, ఒంటరి మహిళదో, ఆకులూ వేళ్లూ తెలిసిన నాటువైద్యుడిదో అయి ఉంటుంది. లేదంటే గట్టు తగాదా ఉన్న పొరుగువాడిది. ఆ తర్వాత జరిగేది పోలీసు రికార్డుల్లోకి ఎక్కుతుంది. విశాఖ మన్యంలోనూ, అటు ఒడిశా కొండల్లోనూ చిల్లంగి నెపంతో హత్యలు ఏళ్ల తరబడి జరుగుతూనే ఉన్నాయి. ప్రాణం దక్కినవాళ్లు కూడా కొందరు ఇల్లూ పొలమూ వదిలేసి వేరే ఊరికి వెళ్లిపోవాల్సి వస్తోంది.

తెలంగాణలో బాణామతి అంటారు. చాలాచోట్ల చేతబడి అంటారు. పేరేదైనా సారం ఒక్కటే. జరిగిన చెడు దానంతటది జరగలేదు. దాని వెనక ఒకరి పన్నాగం ఉంది. ఆ ఒకరు మన మధ్యే ఉన్నారు. 'నేను కాదు' అన్నారా... అదిగో, దొంగ కాబట్టే అలా అంటున్నారు!

ఈ నాలుగు మాటల్నీ ఇంకోసారి చదవండి. సెల్‌ఫోన్లలో చక్కర్లు కొట్టే కుట్ర కథలన్నిటి అస్థిపంజరమూ ఇదే. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టలేదనే కథ, కరోనాను 5జీ టవర్లు తెచ్చాయనే కథ, టీకాలతో జనాభా తగ్గిస్తున్నారనే కథ... వేసుకున్న బట్టలే వేరు. అందుకే 'మనుషులు కుట్రల్ని ఎందుకు నమ్ముతారు' అన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి అమెరికా దాకా వెళ్లనక్కర్లేదు. పాడేరు ఘాట్ రోడ్డు ఎక్కితే చాలు.

చెదలు తిన్న గాదె కథ

ఇవాన్స్ ప్రిచర్డ్ అనే బ్రిటిష్ మానవ శాస్త్రవేత్త ఆఫ్రికాలోని అజాండే తెగతో కలిసి జీవించి 1937లో ఓ పుస్తకం రాశాడు. అందులో ఓ గాదె ప్రస్తావన ఉంటుంది. ఆ ఊళ్లలో ధాన్యం గాదెల్ని గుంజల మీద కడతారు. ఎండ వేళ మనుషులు వాటి నీడన కూర్చుంటారు. ఒక్కోసారి గాదె కూలి కిందివాళ్లు గాయపడతారు. గుంజల్ని చెదలు తిన్నాయని ఆ తెగవాళ్లకు బాగా తెలుసు. ఎండకు నీడ వెతుక్కుంటారనీ తెలుసు. వాళ్ల ప్రశ్న అది కాదు. 'సరిగ్గా వీళ్లు కూర్చున్నప్పుడే ఎందుకు కూలింది?' అన్నది ప్రశ్న. దానికి జవాబు... చేతబడి!

గాదె ఎలా కూలిందో చెదలు చెబుతాయి. 'నా మీదే ఎందుకు' అన్నదానికి చెదల దగ్గర జవాబు లేదు. నిజానికి ఎవరి దగ్గరా లేదు. అదే మనిషికి మింగుడుపడదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి 'దోమ కుట్టింది, మలేరియా వచ్చింది' అని డాక్టరు చెబుతాడు. 'ఊరంతటినీ దోమలు కుట్టాయి కదా, నా బిడ్డే ఎందుకు పోయాడు' అని ఆ తల్లి అడుగుతుంది. వైద్యం తలొంచుకునే చోట చిల్లంగి తలెత్తుతుంది.

ఇదేదో కొండల్లోనే ఉందనుకోకండి. కొత్త ఇంటి గుమ్మానికి గుమ్మడికాయ వేలాడదీసేదీ, పిల్లాడు పాలు కక్కితే ఉప్పు తిప్పి పడేసేదీ మనమే. 'ఎవరి కన్ను పడిందో' అనే మాటలోని 'ఎవరి' అన్నది మనకూ కావాలి. మన దిష్టి ఉప్పుతో ఆగిపోతుంది. అక్కడ కొన్నిసార్లు మనిషి ప్రాణం దాకా వెళుతుంది. తేడా అంతే.

రోగాలే కుట్ర పన్నినట్టు...

మన్యంలో చిల్లంగి నమ్మకం అంతగా పాతుకుపోవడానికి మరో కారణం ఉంది. అక్కడి జబ్బులు కొన్ని అచ్చం ఎవరో పగబట్టి చేసినట్టే ప్రవర్తిస్తాయి.

ఆంత్రాక్స్‌నే తీసుకోండి. పశువుల్లో దొమ్మ రోగం అంటారు. ఆ సూక్ష్మజీవి గట్టి గింజలా మారి మట్టిలో దశాబ్దాల తరబడి బతకగలదు. అక్కడ మేసిన మేకకో, ఆవుకో సోకుతుంది. చచ్చిన పశువును కోసినవాళ్లకూ, ఆ మాంసం పట్టుకున్నవాళ్లకూ చేతుల మీద పుండ్లు లేచి మధ్యలో నల్లగా మాడినట్టు అవుతాయి. 2016 జూన్‌లో అరకు లోయ మండలం కోడిపుంజువలసలో ఇలాగే జరిగింది. బాధితుల్ని విశాఖ కేజీహెచ్‌కు తరలించి చికిత్స చేశారు. ఆ పుండ్లు ఊరంతటికీ రావు. మాంసం పంచుకున్న నాలుగైదు ఇళ్లకే వస్తాయి. కారణం తెలియనివారికి అదెలా కనిపిస్తుంది? ఎవరో ఆ ఇళ్లనే ఎంచుకుని పగ తీర్చుకున్నట్టు!

మెదడుకు ఎక్కే మలేరియా ఇంకొకటి. జ్వరం తీవ్రమైతే రోగి సంధి మాటలు మాట్లాడతాడు. ఎవర్నీ గుర్తుపట్టడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటాడు. 'ఏదో పట్టింది' అనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మూడోది సికిల్‌సెల్ రక్తహీనత. గిరిజన ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే జన్యు వ్యాధి. ఎర్ర రక్తకణాలు గుండ్రంగా ఉండాల్సింది కొడవలిలా వంపు తిరుగుతాయి. సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. కీళ్లూ ఎముకలూ భరించలేనంత నొప్పి. తల్లిలోనూ తండ్రిలోనూ ఆ జన్యువు ఒక్కొక్కటి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అమ్మానాన్నలు మాత్రం ఆరోగ్యంగానే కనిపిస్తారు. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు మంచం పడితే 'ఆ ఇంటికేదో తగిలింది' అని ఊరు అనుకోవడంలో వింతేముంది? ఈ వ్యాధిని రక్తపరీక్షతో గుర్తించడానికి కేంద్రం 2023 జులైలో జాతీయ కార్యక్రమమే మొదలుపెట్టింది. ఓ చుక్క రక్తం జబ్బు పేరు చెప్పేస్తే శత్రువు పేరు వెతుక్కునే అవసరం తగ్గుతుంది.

దారి సంగతి కూడా చెప్పుకోవాలి. రోడ్డు లేని ఊళ్లలో ఇప్పటికీ రోగిని డోలీ కట్టి మోసుకొస్తున్నారు. ఆసుపత్రి కొన్ని గంటల నడక. మంత్రం వేసే గురువు ఉండేది పక్క వాడలో. ఎవరి వివరణ ముందు చేరుతుందో వేరే చెప్పాలా?

చదువుకున్నవాళ్లకు చిప్పు

'పాపం, చదువు లేక...' అనుకుంటున్నారా? అయితే 2016 నవంబరు గుర్తుచేసుకోండి. పెద్దనోట్లు రద్దయి కొత్త 2000 నోటు వచ్చింది. అందులో నానో చిప్పు ఉందనీ, భూమిలో ఎంత లోతున దాచినా ఉపగ్రహం పసిగడుతుందనీ ప్రచారం మొదలైంది. ఆ సందేశాన్ని పంచుకున్నవాళ్లలో పట్టభద్రులకు కొదవలేదు. కొన్ని టీవీ ఛానళ్లు బొమ్మలు గీసి మరీ వివరించాయి. అలాంటిదేమీ లేదని రిజర్వు బ్యాంకు వర్గాలు చెప్పినా కొందరు నమ్మలేదు. చివరికి 2023 మేలో ఆ నోటునే చలామణీ నుంచి ఉపసంహరిస్తున్నట్టు ప్రకటించారు. దొరికిన చిప్పు మాత్రం ఒక్కటీ లేదు!

అదే నవంబరులో ఉప్పు దొరకదన్న పుకారుతో హైదరాబాద్‌లో జనం దుకాణాలకు పరుగులు తీశారు. 1995 సెప్టెంబరు 21న దేశమంతా వినాయకుడికి చెంచాతో పాలు పట్టింది. ఒకప్పుడు తెలుగు ఊళ్లలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్న తరం ఇంకా మన ఇళ్లలోనే ఉంది. చదువు పుకారును ఆపదు. ఒక్కోసారి దానికి ఇంకాస్త మంచి భాష సమకూరుస్తుంది. కొండమీది మనిషి 'చిల్లంగి' అంటే పట్నంలో మనిషి 'నానో టెక్నాలజీ' అంటాడు.

మనసు చేసే మూడు పనులు

సైకాలజిస్టులు ఈ విషయాన్ని చాన్నాళ్లుగా తవ్వుతున్నారు. వాళ్లు చెప్పేదాంట్లో మూడు సంగతులు మనకు బాగా పనికొస్తాయి.

ఒకటి... పట్టు తప్పినప్పుడు మనసు ఏదో ఒక ఆకారాన్ని కల్పించుకుంటుంది. జెన్నిఫర్ విట్సన్, ఆడమ్ గలిన్‌స్కీ అనే పరిశోధకులు 2008లో 'సైన్స్' పత్రికలో ఓ అధ్యయనం ప్రచురించారు. కొందరిని, తమ చేతుల్లో ఏమీ లేదనిపించిన సంఘటనను గుర్తుచేసుకోమన్నారు. తర్వాత చుక్కల గజిబిజి బొమ్మలు చూపించారు. వాటిలో లేని ఆకారాలు వాళ్లకు ఎక్కువగా కనిపించాయి. మామూలు సంఘటనల వెనక కుట్ర ఉందనీ ఎక్కువగా అనుకున్నారు. వాన ఎప్పుడు పడుతుందో, జ్వరం ఎప్పుడొస్తుందో, అటవీ అధికారి ఎప్పుడొచ్చి పోడు భూమి ఖాళీ చేయమంటాడో తెలియని జీవితంలో మనసు ఏం చేస్తుందో ఊహించుకోవచ్చు.

రెండు... పెద్ద విషాదానికి చిన్న కారణాన్ని మనసు ఒప్పుకోదు. అమెరికా అధ్యక్షుడు కెనడీని 1963లో ఓ సాదాసీదా యువకుడు తుపాకీతో కాల్చాడంటే అమెరికన్లలో చాలామంది ఇప్పటికీ నమ్మరు. 1945లో విమాన ప్రమాదంలో నేతాజీ మరణించారన్నా మనలో చాలామంది నమ్మలేదు. అంతటి మనిషి అలా పోతాడా అన్నదే బాధ.

మూడు... నమ్మేవాళ్లకు కథలు ఒకదానితో ఒకటి పొసగనక్కర్లేదు. బ్రిటన్‌లోని కెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ఓ తమాషా విషయం బయటపెట్టారు. యువరాణి డయానా చనిపోలేదు, ఎక్కడో దాక్కుందని నమ్మేవాళ్లు ఆమెను చంపేశారన్న కథను కూడా నమ్మే అవకాశం ఎక్కువట! ఒకే మనిషి బతికీ ఉండదు, హత్యకూ గురికాదు. అయినా ఆ రెండు కథల్నీ ఒకే మాట కలుపుతోంది... 'పైవాళ్లు మనకు నిజం చెప్పడం లేదు'.

అసలు కీలకం ఇక్కడే ఉంది. కుట్ర కథ నమ్మడమంటే చాలాసార్లు ఆ కథను నమ్మడం కాదు. చెప్పేవాణ్ని నమ్మకపోవడం. మరి ఆ అపనమ్మకం ఎక్కణ్నుంచి వచ్చింది?

చెరువులో నీళ్లు ఎక్కడికి పోయాయి?

తూర్పు కనుమల చరిత్రలో 170 ఏళ్లు పైబడిన పుకారు ఒకటి ఉంది. 1840లలో బ్రిటిష్ ప్రభుత్వం కోందు గిరిజనుల్లోని 'మెరియా' అనే నరబలి ఆచారాన్ని ఆపడానికి నడుం కట్టింది. జాన్ క్యాంప్‌బెల్ అనే అధికారి సైన్యంతో గంజాం ఏజెన్సీ కొండలెక్కి, బలికోసం పెంచుతున్నవారిని విడిపించి మైదానానికి తీసుకెళ్లేవాడు. కొండల్లో దానిమీద ఏం పుకారు పుట్టిందో ఆయనే తర్వాత తన పుస్తకంలో రాసుకున్నాడు. 'దొర ఘుంసూరులో పెద్ద చెరువు తవ్వించాడు. అందులో నీళ్లు నిలవలేదు. జలదేవతకు బలివ్వడానికే ఈ మనుషుల్ని పట్టుకుపోతున్నాడు' అని!

నవ్వొస్తుంది. ఒక్కసారి వాళ్ల వైపు నుంచి చూడండి. తుపాకులు పట్టుకుని పరాయి భాష మాట్లాడే మనుషులొచ్చారు. ఊళ్లను తగలబెట్టడం కూడా ఆ దండయాత్రల్లో భాగమే. మీ మంచికే మనుషుల్ని తీసుకెళుతున్నాం అన్నారు. ఉచితంగా ఎవరైనా మంచి చేస్తారా? వాళ్లకు తెలిసిన లోకంలో మనుషుల్ని అలా సేకరించేది ఒక్క పనికే. కాబట్టి దొర కూడా అందుకే తీసుకెళుతున్నాడు. లెక్క తప్పలేదు. లెక్కకు దొరికిన వివరాలే తక్కువ.

వంతెన కట్టినా, ఆనకట్ట కట్టినా 'పిల్లల్ని బలిస్తారట' అన్న పుకారు తెలుగు ఊళ్లలో మన తాతల నాటి నుంచి ఉన్నదే. ఆ పుకారులోని బలి అబద్ధం. కానీ ఆ ప్రాజెక్టుల కోసం గిరిజనులు పోగొట్టుకున్నది అబద్ధం కాదు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ ప్రాజెక్టుకు ఊళ్లు మునిగాయి. 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు మీద ఆంక్షలొచ్చాయి. గూడెం తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయిస్తూ గిరిజనులతో చేయించిన వెట్టి 1922 నాటి మన్యం తిరుగుబాటుకు ఓ నిప్పురవ్వ.

ఇక నిన్నమొన్నటి సంగతి. 'మన కొండల్ని కంపెనీలకు ఇచ్చేస్తున్నారట' అన్న మాట బొర్రా పంచాయతీలో వినిపించినప్పుడు అది పుకారు కాదు. గనుల లీజులు నిజంగానే ఇచ్చారు. 'సమత' అనే స్వచ్ఛంద సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు గనుల సంస్థలకు లీజుకివ్వడం చెల్లదని 1997 జులై 11న కోర్టు తీర్పు చెప్పింది. 2015 నవంబరులో బాక్సైట్ కోసం చింతపల్లి వైపు 1,212 హెక్టార్ల అటవీభూమిని మళ్లించే జీవో 97 వెలువడింది. ఏజెన్సీ భగ్గుమంది. జీవో ఆగింది. 2019లో పూర్తిగా రద్దయింది.

దీనికి తోడు తుపాకుల భయం. ఇన్‌ఫార్మర్ అని ముద్రవేసి మావోయిస్టులు చంపిన గిరిజనులున్నారు. మావోయిస్టులకు అన్నం పెట్టారన్న అనుమానంతో పోలీసుల చేతిలో దెబ్బలు తిన్నవాళ్లున్నారు. అలాంటి చోట అందరినీ అనుమానించడం వెర్రి కాదు, బతికే ఉపాయం. వచ్చిన చిక్కల్లా ఒక్కటే... ఆ ఉపాయానికి ఏది నిజమైన పులో, ఏది పొదల్లో గాలో తేడా తెలియదు.

నిజమూ, పుకారూ కలిసిపోయిన చోటు

ఆ తేడా ఎంత సన్నటిదో భద్రాచలం ఏజెన్సీలో ఓసారి తెలిసొచ్చింది. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని మూడు మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేశారు. 'పాత్' అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన కార్యక్రమమిది. సుమారు 14 వేల మంది బాలికలు. వాళ్లలో చాలామంది గిరిజనులు, ఆశ్రమ పాఠశాలల్లో చదివేవాళ్లు. తర్వాతి నెలల్లో కొందరు బాలికలు చనిపోయారు. 'టీకాతో చంపేశారు' అన్న మాట నిప్పులా పాకింది. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు.

విచారణలో తేలిందేమిటి? ఆ మరణాలకు టీకా కారణమన్న ఆధారం దొరకలేదు. ఒకరు నీట మునిగి, ఒకరు పాముకాటుతో... ఇలా వేర్వేరు కారణాలు. హెచ్‌పీవీ టీకా నేడు వందకు పైగా దేశాల్లో వాడుకలో ఉంది. ప్రపంచ ఆరోగ్యసంస్థ దాన్ని గట్టిగా సిఫార్సు చేస్తోంది. కాబట్టి పుకారు తప్పు.

అంతటితో అయిపోయిందా? లేదు. అదే విచారణలో మరో సంగతీ బయటపడింది. తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాల్సిన పత్రాల మీద ఎన్నోచోట్ల హాస్టల్ వార్డెన్లూ, ప్రధానోపాధ్యాయులూ సంతకాలు చేశారు. కన్నవాళ్లకు ఏం వేస్తున్నారో తెలియదు. టీకా తర్వాత ఎవరికైనా ఇబ్బంది వస్తే కనిపెట్టే ఏర్పాటు అంతంతమాత్రం. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘం ఈ తీరును తీవ్రంగా తప్పుపట్టింది.

టీకా మంచిదే. వేసిన పద్ధతి మంచిది కాదు. ఈ రెండూ ఒకేసారి నిజం. 'మా పిల్లల్ని చంపారు' అన్న తల్లిదండ్రుల మాటలో చంపడం నిజం కాదు కానీ, 'మమ్మల్ని అడగలేదు' అన్నది నిజం. ఆ రెండో మాటకు జవాబు చెప్పకుండా మొదటిదాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేస్తే ఏమవుతుంది? తర్వాత వచ్చే ప్రతి టీకాకూ ఆ ఊరు తలుపు వేసుకుంటుంది.

పాకిస్థాన్‌లో జరిగింది అదే. బిన్ లాడెన్ జాడ కోసం 2011లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ అబొట్టాబాద్‌లో ఉత్తుత్తి హెపటైటిస్ టీకా కార్యక్రమం నడిపించింది. విషయం బయటపడ్డాక పోలియో చుక్కలు వేసేవాళ్ల మీదా జనానికి అనుమానం ముదిరింది. ఎందరో టీకా కార్యకర్తలు హత్యకు గురయ్యారు. ఒక్క నిజమైన కుట్ర వంద అబద్ధపు కుట్రలకు విత్తనమైంది.

పుకారును ఎవరు ఆపగలరు?

పుకారుకు ఆకలెక్కువ. ఖాళీ కనిపిస్తే నింపేస్తుంది. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి ఫిట్స్‌తో పడిపోయారు. పరీక్షల ఫలితాలు వచ్చేలోగా ఎన్ని కథలు పుట్టాయో! తర్వాత ఎయిమ్స్ నిపుణులు బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఆనవాళ్లు కనుగొన్నారు. అధికారి 'విచారిస్తున్నాం' అని తలుపు వేసుకునే బదులు, తెలిసినంత రోజూ చెబితే కథలకు చోటు తగ్గుతుంది.

2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సప్ సందేశాలు రెండు తెలుగు రాష్ట్రాలనూ వణికించాయి. అమాయకుల మీద దాడులు జరిగాయి. దేశవ్యాప్తంగా ప్రాణాలూ పోయాయి. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి వేరే దారి పట్టారు. పోలీసులు ఊరూరా వెళ్లారు. డప్పు కొట్టించారు. జానపద బాణీల్లో పాటలు కట్టి పాడించారు. ఊరివాళ్లకు పరిచయమున్న పోలీసే వచ్చి 'అది అబద్ధం' అని చెప్పాడు. ఆ జిల్లాలో ఒక్క ప్రాణమూ పోలేదు. అదే ఏడాది జులైలో వాట్సప్ మన దేశంలో ఒకేసారి ఐదుగురికి మించి ఫార్వర్డ్ చేసే వీలు తీసేసింది.

మన్యానికీ అదే సూత్రం. తెలుగు కంటే కువి, ఆదివాసీ ఒడియా బాగా అర్థమయ్యే ఊళ్లో తెలుగు కరపత్రం పంచితే ఏం లాభం? ఆ ఊరి కోడలే అయిన ఆశా కార్యకర్త చెబితే వింటారు. 'టీకా వేశాక ఒకరోజు జ్వరం రావచ్చు' అని ముందే చెబితే, జ్వరం వచ్చినప్పుడు అమ్మలు భయపడరు. చెప్పకపోతే ఆ జ్వరమే కుట్రకు రుజువవుతుంది. దిసారినీ, గురువునూ శత్రువుల్లా చూడకుండా 'నీ పూజ నువ్వు చెయ్యి తాతా, రక్తపరీక్ష మమ్మల్ని చెయ్యనీ' అనగలిగిన ఆరోగ్య కార్యకర్త ఆ ఊళ్లో ఎక్కువ ప్రాణాలు కాపాడగలరు. జన విజ్ఞాన వేదిక లాంటి సంస్థలు ఊళ్లకు వెళ్లి, చేతిలో నిప్పు పుట్టించడం లాంటి 'మహిమల' గుట్టు విప్పి చూపేదీ ఇందుకే. గుట్టు తెలిసినచోట భయం పలుచబడుతుంది.

చట్టం కూడా కావాలి. మంత్రగత్తె అని ముద్రవేసి వేధించడాన్ని అరికట్టేందుకు పొరుగున ఒడిశా 2013లో ప్రత్యేక చట్టం చేసింది. చిల్లంగి పేరుతో ఊరు ఓ మనిషిని వేలెత్తి చూపిన రోజునే ఎవరో ఒకరు అడ్డుపడాలి. హత్య తర్వాత పెట్టే కేసు పోయిన ప్రాణాన్ని తేలేదు.

అనుమానించడం తప్పు కాదు. బొర్రాలో అనుమానించారు కాబట్టే కొండ మిగిలింది. అయితే అక్కడి అనుమానం కాగితాలు వెతికింది, కోర్టుకు వెళ్లింది, అవతలివాళ్ల వాదన కూడా వింది, తీర్పు వచ్చేదాకా ఆగింది. చిల్లంగి అనుమానం దేనికోసమూ ఆగదు. రెండింటికీ తేడా అక్కడే.

ఫార్వర్డ్ చేసేముందు... ఐదు ప్రశ్నలు

* ఈ మాట మొదట ఎవరు చెప్పారు? 'అందరూ అంటున్నారు' అన్నది జవాబు కాదు.
* ఇది తప్పని తేలాలంటే ఏం రుజువు కావాలి? ఏ రుజువు చూపినా 'అదీ కుట్రలో భాగమే' అనిపిస్తోందంటే జాగ్రత్తపడాలి.
* మామూలు కారణం ఏదైనా ఉందా? దోమ, కలుషిత నీరు, చచ్చిన పశువు మాంసం, పాత జబ్బు... ముందు వీటిని చూడండి.
* ఇందులో వేలు ఎవరివైపు చూపిస్తున్నారు? ఒంటరివాళ్ల వైపో, బయటి ఊరివాళ్ల వైపో, పాత తగాదా ఉన్నవాళ్ల వైపో అయితే రెండుసార్లు ఆలోచించండి.
* ఈ మాట అబద్ధమైతే నష్టపోయేది ఎవరు? ఆ మనిషి మీ ఇంట్లోవాళ్లే అయితే ఇంత తేలిగ్గా ముందుకు పంపేవారా?